ఓపెన్... క్లోజ్... ఇల్లు గుల్ల!

*జూదానికి ఓ భాష ఉంది. వ్యాపారంలా వినిపిస్తుంది, లెక్కలా కనిపిస్తుంది, ఆశలా అంటుకుంటుంది. ఆదోని టీకొట్ల నుంచి గోవా ఓడల దాకా, అక్కణ్నుంచి చేతిలోని ఫోన్ దాకా వినబడే ఆ మాటలను ఒక్కొక్కటే విప్పి చూస్తే లోపల ఉన్నది ఒకే అర్థం.*

సాయంత్రమైంది. ఆదోని పత్తి మార్కెట్లో చివరి బండి ఖాళీ అయింది. హమాలీలు తలగుడ్డలు విప్పి దులుపుకుంటున్నారు. మీసాల మీద, కనుబొమల మీద తెల్లటి పత్తి నూగు. ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఇద్దరు కూర్చున్నారు. ఒకాయన ఫోన్ చూస్తున్నాడు. రెండో ఆయన టీ గ్లాసు పట్టుకుని అతని మొహం చూస్తున్నాడు.

"ఏమప్పా, ఓపెన్ ఎంత పడె?"

"నాలుగు."

"థూ! ఐదు అనుకుంటినే. ఒక్క అంకెలో పాయె."

"పోనీలే, క్లోజ్ ఉంది కదా ఇంకా."

"యాడిది? నేను బ్రాకెట్ కట్టింటి. ఓపెన్ పోయినాక ఇంగేముంది!"

టీ చల్లారింది. ఆ రోజు కూలీలోంచి ఒక నోటు ఎటు పోయిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ మాటలు పక్కనుంచి విన్న ఆడమనిషికి కూడా ఏదో అంగడి తెరిచే, మూసే సంగతి అనిపిస్తుంది. అందుకే ఈ భాషను ఇంత భద్రంగా దాచుకుంటూ వచ్చారు. కర్నూలు, కడప జిల్లాల్లో పేపర్ చదివే అలవాటున్న వాళ్లకు ఆ తర్వాతి వార్త కంఠతా వచ్చు: 'మట్కా స్థావరంపై దాడి, బీటర్ల అరెస్టు, నగదు, చీటీలు స్వాధీనం'. మర్నాడు ఇంకో ఊరి పేరుతో అదే వార్త.

పత్తి ధర నుంచి పుట్టిన పందెం

ఆదోని మార్కెట్ పక్కన మట్కా మాటలు వినిపించడంలో ఓ చిత్రముంది. ఆ ఆట పుట్టిందే పత్తి ధరల్లోంచి. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజ్‌లో పత్తి ఏ ధరతో మొదలైంది, ఏ ధరతో ముగిసింది అన్న సమాచారం ఒకప్పుడు తంతి ద్వారా బొంబాయికి వచ్చేది. ఆ మొదటి ధర 'ఓపెన్', ఆఖరి ధర 'క్లోజ్'. బొంబాయి జనం వాటి చివరి అంకెల మీద పందేలు కాసేవారు. 1960ల మొదట్లో న్యూయార్క్ నుంచి ఆ ధరలు రావడం ఆగిపోయింది. ధరలు ఆగినా పందెం ఆగలేదు. 1962లో కల్యాణ్‌జీ భగత్, ఆ తర్వాత రతన్ ఖత్రీ సొంతంగా అంకెలు తీయడం మొదలుపెట్టారు. చీటీల మీద అంకెలు రాసి కుండలో వేసి తీసేవారు. హిందీ, మరాఠీల్లో కుండను మట్కా అంటారు. ఆ పేరే ఆటకు నిలిచింది. తర్వాత కుండ పోయి పేకముక్కలు వచ్చాయి. అవీ పోయి ఫోన్ వచ్చింది. ఓపెన్, క్లోజ్ మాత్రం పత్తి బజారు నాటివే.

ఆదోనిని, ప్రొద్దుటూరును మనవాళ్లు 'రెండో బొంబాయి' అని గొప్పగా చెప్పుకుంటారు. ఒకటి పత్తికి, ఇంకోటి బంగారానికి, బట్టకు. వ్యాపారం తెలిసిన ఊళ్లివి. రేటు, కమీషన్, బాకీ, పద్దు అన్న మాటలు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. మట్కా సరిగ్గా అవే మాటలు వేసుకుని వచ్చింది. నడిపేవాణ్ని జూదగాడు అనరు, 'కంపెనీ' అంటారు. రాసుకునేవాడిది మోసం కాదు, 'కమీషన్'. కట్టినది పందెం కాదు, 'చీటీ'. వ్యాపారం మాటల్లో చెబితే జూదం కూడా గౌరవమైన పనిలా వినిపిస్తుంది.

నలభై ఎనిమిది ఎలా వస్తుంది?

మూడు అంకెలు తీస్తారు. 5, 3, 6 వచ్చాయనుకోండి. కూడితే 14. చివరి అంకె 4. అదే ఓపెన్. కొన్ని గంటల తర్వాత ఇంకో మూడు: 8, 2, 8. కూడితే 18. చివరి అంకె 8. అది క్లోజ్. రెండూ కలిపి 48. ఆ జంట అంకెనే మనవైపు 'బ్రాకెట్' అంటారు, బొంబాయిలో 'జోడీ'.

00 నుంచి 99 వరకు నూరు బ్రాకెట్లు ఉంటాయి. వాటిలో తగిలేది ఒక్కటే. లెక్క ధర్మంగా ఉండాలంటే రూపాయికి నూరు ఇవ్వాలి. ఇచ్చేది ఎనభై, మహా అయితే తొంభై. మిగిలిన పదో, ఇరవయ్యో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా కంపెనీదే. ఈ రహస్యాన్ని ఎవరూ దాచలేదు. 'రూపాయికి ఎనభై' అని వాళ్లే చెబుతారు. వినేవాడికి ఎనభై వినిపిస్తుంది, పోయిన ఇరవై వినిపించదు.

రోజుకు పది రూపాయల చొప్పున 300 రోజులు బ్రాకెట్ కట్టిన మనిషిని తీసుకుందాం. పెట్టింది 3,000. సగటున మూడుసార్లు తగులుతుంది. రూపాయికి ఎనభై చొప్పున వచ్చేది 2,400. ఆరు వందలు నష్టం. కానీ ఆ మూడు గెలుపులూ ఊరంతా తెలుస్తాయి. ఆ మూడు రోజులూ ఇంటికి కోడికూర వస్తుంది. మిగిలిన 297 ఓటములు జేబుకు మాత్రమే తెలుస్తాయి.

---

▣ చీటీ మాటలు

సింగిల్: ఒక్క అంకె మీద కట్టడం. పదింట ఒకటి తగులుతుంది.

బ్రాకెట్ (జోడీ): ఓపెన్, క్లోజ్ రెండూ కలిపి కట్టడం. నూరింట ఒకటి.

పట్టీ: కూడకముందు తీసిన మూడు అంకెల మీద కట్టడం. తగిలేది అరుదు. అందుకే ఆశ చూపేదీ ఎక్కువే.

బీటర్: చీటీలు రాసి డబ్బు వసూలు చేసేవాడు. టీకొట్టు, బంకు, బస్టాండు అతని ఆఫీసు. కమీషన్ చిన్నది, కేసు మాత్రం ముందు అతని మీదే.

కంపెనీ: డబ్బంతా చేరే చోటు. పేరుంటుంది, బోర్డుండదు.

చార్టు: పాత అంకెల పట్టిక. రేపటి అంకె దీన్లో దాగుందని నమ్మకం.

---

ఇంటి పేరే కాసినో

2022 సంక్రాంతికి గుడివాడలో కాసినో నడిచిందన్న ఆరోపణలతో రాష్ట్రం అట్టుడికినప్పుడు 'కాసినో' అన్న మాట పల్లె అరుగుల మీదికి కూడా వచ్చింది. అప్పటిదాకా అది సినిమాల్లో మాట, లేదంటే గోవా వెళ్లొచ్చిన వాళ్ల మాట. నంద్యాల, గుంతకల్లు మీదుగా గోవాకు రైలుంది. పంజిం దగ్గర మాండవి నదిలో లంగరు వేసిన ఓడల్లో కాసినోలు చట్టబద్ధంగా నడుస్తాయి. 1976 నాటి గోవా జూద నిరోధక చట్టాన్ని తొంభైల్లో సవరించి ఈ వెసులుబాటు ఇచ్చారు.

ఇటాలియన్ భాషలో కాసినో అంటే 'చిన్న ఇల్లు'. కాసినో నడిపే పక్షాన్ని ఇంగ్లిషు జూదరులు 'హౌస్' అంటారు. హౌస్ అన్నా ఇల్లే. ఆటకు ముందే లెక్క కట్టి పెట్టుకున్న ఇంటి వాటా 'హౌస్ ఎడ్జ్'. ఆ ఇల్లు నిండాలంటే ఏదో ఒక ఊళ్లో ఇంకో ఇల్లు గుల్ల కావాలి.

రౌలెట్ చక్రం సంగతే చూడండి. 1 నుంచి 36 వరకు గడులు, వాటితోపాటు ఒక సున్నా. మొత్తం 37. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు లాభమిస్తారు. ఇవ్వాల్సింది 36 రెట్లు. ఆ ఒక్క సున్నా కాసినో కూడు. నూరు రూపాయలు పెడితే సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు హౌస్‌కు పోతాయి. అమెరికా చక్రాల్లో రెండు సున్నాలుంటాయి. అక్కడ అది ఐదు రూపాయల పాతిక పైసలు దాటుతుంది.

ఇప్పుడు ఆదోని టీకొట్టు దగ్గరికి తిరిగి రండి. ఏసీ, సంగీతం, భోజనం పెట్టి ఓడ మీది కాసినో నూటికి 2.70 తీసుకుంటుంటే, కాలిన బల్ల మీద కూర్చోబెట్టి రూపాయికి ఎనభై ఇచ్చే మట్కా చీటీ నూటికి ఇరవై తీసుకుంటోంది. ఏడు రెట్లకు పైగా! పేదవాడి జూదమే ఖరీదైన జూదం. అలాగని కాసినో దయగల అమ్మ కాదు. మట్కా రోజుకు ఒకటి రెండుసార్లు తిరుగుతుంది. చక్రం గంటకు నలభైసార్లు తిరగగలదు. ప్రతిసారీ నూరు పెడితే గంటకు సగటున 108 రూపాయలు పోతాయి. ఒకటి పిడికిళ్లతో తోడుతుంది, ఇంకోటి చెంచాతో ఆపకుండా తోడుతుంది.

---

▣ ఓడ మీది మాటలు

చిప్స్: డబ్బుకు బదులిచ్చే బిళ్లలు. ఐదొందల నోటు తీసేటప్పుడు వణికే చెయ్యి రంగు బిళ్ల తోసేటప్పుడు వణకదు. వాటి పనే అది.

డీలర్: ముక్కలు పంచే ఉద్యోగి. అతని సొంత డబ్బు ఒక్క పైసా ఉండదు.

హిట్, స్టాండ్, బస్ట్: బ్లాక్‌జాక్ మాటలు. ఇంకో ముక్క ఇవ్వు, చాలు, 21 దాటి మునిగాను.

బ్లఫ్: చేతిలో ముక్కల్లేకపోయినా ఉన్నట్టు నటించి పందెం పెంచడం.

ఆల్ ఇన్: ముందున్నదంతా ఒకేసారి ఒడ్డడం. ధర్మరాజు ఒక్కొక్కటే ఒడ్డి, చివరికి అంతా పోగొట్టుకున్నాడు.

హై రోలర్: పెద్ద పందేలు కాసేవాడు. గదీ భోజనమూ ఉచితమే. ఖర్చు అతను పోగొట్టుకునే దాంట్లోంచే.

టిల్ట్: వరసగా ఓడి, బుర్ర తిరిగి, ఉక్రోషంతో ఆడే స్థితి. హౌస్ ఎదురుచూసేది దీనికోసమే.

---

గోళీకి గుర్తుండదు

"ఈ వారమంతా ఏడు పడలే. రేపు పడక యాడికి పోతాది?" చార్టు ముందేసుకున్న ప్రతివాడూ అనే మాట ఇది. 1913 ఆగస్టు 18న మాంటెకార్లో కాసినోలోనూ జనం అదే అనుకున్నారు. రౌలెట్ గోళీ వరసగా నలుపు గడుల్లోనే పడుతోంది. ఇక ఎరుపు తప్పదని ఎగబడి ఎరుపు మీద పెట్టారు. గోళీ వరసగా 26 సార్లు నలుపులోనే పడింది. ఆ రాత్రి ఎందరో భారీగా పోగొట్టుకున్నారు. నిన్న ఎక్కడ పడిందో గోళీకి గుర్తుండదు, కుండకూ గుర్తుండదు. గుర్తుపెట్టుకుని బాధపడేది మనిషే.

ఇస్పేటు, ఆఠీను... ఓ కోర్టు తీర్పు

పేకాట మాటలు ఇంకా దూరం నుంచి వచ్చాయి. మన కళావరు డచ్చి భాషలో 'క్లావర్', మన ఆఠీను 'హార్టెన్'. మచిలీపట్నంలో వర్తకం చేసిన డచ్చివాళ్లు పోయినా వాళ్ల ముక్కల పేర్లు మన అరుగుల మీద ఉండిపోయాయి. వాటికి ముందు మన పాచికలు మనకుండేవి. జూదానికి పాత తెలుగులో 'నెత్తం' అనే మాటుంది. పందెంగా ఒడ్డే సొమ్ము 'పణం'. ప్రాణాలు పణంగా పెట్టడం అన్నది జూదశాలలోంచి వచ్చిన మాటే.

పేకాటలన్నీ ఒకటేనా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది తెలుగునేల నుంచే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్న వారిపై పోలీసులు పెట్టిన కేసులో, 1967లో జస్టిస్ హిదయతుల్లా ధర్మాసనం తీర్పు చెప్పింది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యమున్న ఆట అని, మూడుముక్కలాటలా వట్టి అదృష్టం కాదని తేల్చింది. ఆ ఆటమీద క్లబ్బు లాభం గుంజుకుంటే మాత్రం నేరం కావచ్చనీ చెప్పింది. మొదటి సగాన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. రెండో సగాన్ని హాయిగా మరిచిపోయారు. తర్వాతి కాలంలో రమ్మీ యాప్‌లు తమను సమర్థించుకోడానికి పట్టుకున్నది ఈ తీర్పునే.

ఇక అందర్ బాహర్‌లో నేర్చుకోవాల్సిందేమీ లేదు. ముక్క లోపల పడుతుందా, బయట పడుతుందా, అంతే. పండగల్లో, తోటల్లో, చెరువు గట్ల మీద దుప్పటి పరిచి ఎక్కువగా ఆడేది అందుకే. చదువు అక్కర్లేదు, ఆలోచన అంతకంటే అక్కర్లేదు.

లగాయ్, ఖాయ్

ఐపీఎల్ మొదలైతే కడప, ప్రొద్దుటూరు, కర్నూలు కుర్రాళ్ల నోళ్లలో ఇంకో నిఘంటువు తెరుచుకుంటుంది. గెలుస్తుందనుకునే జట్టు 'ఫేవరెట్'. దాని రేటు 80–82 అంటే? ఆ జట్టు గెలుస్తుందని నూరు కడితే 'లగాయ్'. గెలిస్తే వచ్చేది ఎనభై, ఓడితే నూరూ పోతుంది. గెలవదని కాస్తే 'ఖాయ్'. జట్టు ఓడితే నూరు వస్తుంది, గెలిస్తే ఎనభై రెండు కట్టాలి. ఎనభైకీ ఎనభై రెండుకీ మధ్య ఉన్న ఆ సందులో కూర్చున్నవాడే 'బుకీ'. ఏ జట్టు గెలిచినా అతనికి దిగుల్లేదు. ఫలానా ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయన్న పందెం 'సెషన్'. ఒక్క మ్యాచ్‌లో ఎన్నో సెషన్లు. ఒకటి పోతే ఇంకోటి సిద్ధం.

ఇక్కడ డబ్బు ముందు కట్టక్కర్లేదు, నోటిమాట చాలు. అదే ఉరితాడు. జేబులో ఉన్నంతే కాసేవాడికి జేబే హద్దు. నోటిమాట మీద కాసేవాడికి హద్దు లేదు. వారం చివర బాకీ లెక్క చూసుకున్నప్పుడు గానీ నాన్న అమ్మిన ఎకరం ఎంత చిన్నదో తెలియదు.

ఫోన్‌లోకి దూరిన ఇల్లు

యాప్‌లు వచ్చాక మాటలు మరీ మెత్తబడ్డాయి. బోనస్, క్యాష్‌బ్యాక్, వాలెట్, రిఫరల్. పందెం అన్న మాటే ఎక్కడా కనబడదు. 1974 నాటి జూద చట్టాన్ని 2020లో సవరించి ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. అయినా ప్రకటనలు ఆగలేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా, సోషల్ మీడియా ప్రముఖులపై హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. 22న రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా ఒకటే అంది ఆ చట్టం. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాణ్ని మాత్రం నేరస్తుడిగా చూడలేదు, బాధితుడిగా చూసింది.

వానకు కమీషన్ లేదు

మరి ఈ మెట్టనేలలో మనుషులు ఇంత తేలిగ్గా ఎందుకు పడిపోతారు? సేద్యగాణ్ని అడగండి. "మాదీ జూదమే కదప్పా" అంటాడు. వాన వస్తుందని వేరుశనగ వేస్తాడు, రాదు. రాదనుకుని ఊరుకుంటే కురుస్తుంది. పత్తికొండ మార్కెట్లో టమోటా ఒక నెల బంగారం, ఇంకో నెల రోడ్డు మీద పారబోత. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో వందలమంది తలలు వంచుకుని నడుస్తుంటారు. వాన కడిగిన ఎర్రనేలలో వజ్రం తళుక్కుమంటుందని. ఒకరికి దొరికిందన్న కబురు వందమందిని ఇంకో ఏడాది నడిపిస్తుంది. కష్టానికీ ఫలితానికీ లంకె తెగిన చోట అదృష్టం ఒక్కటే న్యాయంగా కనిపిస్తుంది.

కానీ ఈ రెండూ ఒకటి కావు. వానకు కంపెనీ లేదు. నూటికి ఇరవై ముందే తీసి పక్కన పెట్టుకునే మేఘం లేదు. పంట పోయినా చేను మిగులుతుంది, పశువుకు మేతైనా మిగులుతుంది, వచ్చే ఏటికి ఒక పాఠం మిగులుతుంది. వజ్రాలు వెతికేవాడికి పోయేది రెండు రోజుల కూలి. చీటీ కట్టినవాడికి మిగిలేది చీటీ కూడా కాదు, అది బీటర్ దగ్గరే ఉంటుంది.

పోయినచోటే వెతుక్కోవాలా?

'పోయినచోటే వెతుక్కోవాలి' అని మనకో సామెత. వస్తువుకైతే సరే. జూదరి నోట్లో ఈ సామెత విషమవుతుంది. పోయిన వెయ్యి కోసం రెండు వేలు, రెండు వేల కోసం ఐదు వేలు. ముందు స్నేహితుడి దగ్గర చేబదులు. తర్వాత భార్య డ్వాక్రా అప్పు. ఆ తర్వాత ప్రొద్దుటూరు బంగారం అదే ప్రొద్దుటూరులో తాకట్టుకు. ఎవరికీ చెప్పుకోలేకపోవడం ఈ జబ్బు మొదటి లక్షణం. జబ్బు అన్నది తిట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో జూద వ్యసనాన్ని చేర్చింది. జబ్బయితే మందుంటుంది, మాట్లాడే మనిషీ ఉంటారు.

---

▣ చెయ్యందించే నంబర్లు

14416: టెలీ మానస్. మానసిక ఆరోగ్య సలహా, ఉచితం. తెలుగులో మాట్లాడతారు.

1930: సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన ఫోన్.

పెద్దాసుపత్రి: కర్నూలు సర్వజన ఆసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్యులు ఉంటారు. పేరు బయటికి పోతుందన్న భయం వద్దు.

---

మన ఇళ్లలో చీటీ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఇంటావిడ నెలనెలా నలుగురితో కలిసి కట్టే చీటీ ఒకటి. పాట పాడితే ముందు వస్తుంది, లేదంటే చివర వస్తుంది, కూతురి కాలేజీ ఫీజుకో ఇంటి రేకులకో పనికొస్తుంది. ఇంటాయన టీకొట్టు దగ్గర కట్టే చీటీ ఇంకొకటి. ఈ ఆదివారం అన్నం తిన్నాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక కాగితం మీద రెండు చీటీల లెక్కా రాయండి. ఏ చీటీకి ఎంత కట్టాం, ఏది ఎంత తిరిగిచ్చింది. ఆ లెక్కకు ఓపెన్, క్లోజ్ అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.